స్వభావోక్తిగా ఆల్ట్ పాఠం: కొత్త వెబ్ డిజైనర్ పుటకు తెలుగు చదువరి పెట్టే పరీక్ష

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల అనే మూడు ఊరి పేర్లలోనూ ఒక్కొక్క సంయుక్తాక్షరం ఉంది. ఆంగ్ల లిపి కొలతలతో తయారైన వెబ్ మూసలో ఈ పేర్లను శీర్షికలుగా ఉంచితే పంక్తుల మధ్య ఎడం చాలక వత్తు కింది పంక్తిలోని గుడిని తాకుతుంది. ఎత్తు బిగించిన పెట్టెలోనైతే అడుగు భాగం తెగిపోయి కోరుట్ల ‘కోరుట’గా, సిరిసిల్ల ‘సిరిసిల’గా మిగులుతాయి. ఈ ప్రాంతంలో స్వతంత్రంగా వెబ్ రూపకల్పన చేపట్టే కొత్త డిజైనర్ తన నమూనా పుటకు పెట్టుకోదగిన మొదటి పరీక్ష సొంత ఊరి పేరే.

అలాంటి డిజైనర్ తన పుటను మిత్రులకు చూపి ‘ఎలా ఉంది?’ అని అడగడం, వారు ‘బాగుంది’ అనడం సహజం. ఆ ప్రశ్నకు అంతకు మించిన సమాధానం రాదు. ‘మౌస్ ముట్టకుండా, ట్యాబ్ మీట మాత్రమే నొక్కుతూ ఫోన్ నంబరు దగ్గరకు వెళ్లగలరా?’ అని అడిగితే మాత్రం పుట లోపాలు బయటపడతాయి. సాహిత్య విమర్శలోనూ అభిప్రాయానికీ పఠనానికీ మధ్య ఈ తేడా ఉన్నదే. మొదటిది రచయితను సంతోషపెడుతుంది, రెండవది రచనను పరీక్షిస్తుంది.

వర్ణ వ్యత్యాసం విషయం లెక్కతో తేలిపోతుంది. వెబ్ అందుబాటు మార్గదర్శకాలు 1999లో తొలిసారి వెలువడ్డాయి, 2023 అక్టోబరులో 2.2 కూర్పు వచ్చింది. మామూలు పరిమాణపు అక్షరాలకు, నేపథ్యానికి మధ్య 4.5:1 నిష్పత్తి ఉండాలని వాటి ఏఏ స్థాయి నియమం. తెల్లని పుట మీద #777777 బూడిదరంగు 4.48 దగ్గర ఆగి తప్పుతుంది. #767676 నెగ్గుతుంది. కంటికి ఈ రెంటి తేడా తెలియదు కనుక దీనిని పరికరానికి వదిలివేయవచ్చు.

పరికరానికి వదలకూడనిది బొమ్మ వెనుక ఉండే మాట. దృష్టి లోపం ఉన్నవారి కోసం తెరను చదివి వినిపించే సాఫ్ట్‌వేర్ బొమ్మ దగ్గరకు వచ్చినప్పుడు దానికి డిజైనర్ జతచేసిన ‘ఆల్ట్’ పాఠాన్ని చదువుతుంది. ఆ పాఠం ఉందా లేదా అన్నది లైట్‌హౌస్ వంటి తనిఖీ పరికరం చెప్పగలదు. అది అర్థవంతమా కాదా అన్నది చెప్పలేదు. ‘చిత్రం’ అని ఒక్క మాట రాసినా ఆ అంశంలో నెగ్గినట్టే.

జగిత్యాలలో పుట్టిన అలిశెట్టి ప్రభాకర్ (1954–1993) ఉదాహరణ ఇక్కడ తప్పనిసరి. ఆయన కవి, చిత్రకారుడు, ఫోటోగ్రాఫర్. జగిత్యాలలో పూర్ణిమ, కరీంనగర్‌లో శిల్పి, హైదరాబాద్‌లో చిత్రలేఖ స్టూడియోలను నడిపినవాడు. ఆయన కురచ కవితలు అంతర్జాలంలో తరచు బొమ్మతో కలిసి ఒకే ఛాయాచిత్రంగా తిరుగుతుంటాయి. జగిత్యాల డిజైనర్ ఎవరైనా ఆయన పేర ఒక పుట కట్టి అవే ఛాయాచిత్రాలను పేర్చితే, చూపు లేని తెలుగు విద్యార్థికి అక్కడ వినిపించేది కవిత కాదు, ఫైలు పేరు. అక్షరాలు పెద్దవి చేసే మీటను పుట పైన అమర్చినంత మాత్రాన ఈ లోటు తీరదు. అక్కడ పెద్దవి చేయడానికి అక్షరాలే లేవు. కవితను యూనికోడ్ పాఠంగా, బొమ్మను వేరుగా ఉంచి, బొమ్మకు మాత్రమే వర్ణన రాయడం సరైన పద్ధతి.

ఆ వర్ణన ఎలా ఉండాలన్న ప్రశ్న అలంకారశాస్త్రానికి కొత్తది కాదు. దండి కావ్యాదర్శంలో స్వభావోక్తికి అలంకారాలలో మొదటి స్థానం ఇచ్చాడు. కుంతకుడు వక్రోక్తిజీవితంలో దానిని అలంకారంగానే ఒప్పుకోలేదు. వస్తు స్వభావమే అలంకరింపబడవలసిన శరీరం కాగా, అదే అలంకారం ఎలా అవుతుందన్నది అతని వాదం. కావ్యం మాట ఎలా ఉన్నా, ఆల్ట్ పాఠం విషయంలో కుంతకుడి పక్షమే నిలుస్తుంది. డిజైనర్లు దానిని చివర అద్దే మెరుగుగా భావిస్తారు. వినేవారికి ఆ బొమ్మ శరీరమే అది. సిరిసిల్ల చీరల దుకాణం పుటలో ‘మనసు దోచే చీర’ అని రాస్తే వినేవారి చేతికి ఏమీ అందదు. ‘ముదురాకుపచ్చ చీర, రెండంగుళాల ఎర్ర అంచు, కొంగున నిలువు చారలు’ అంటే కొనాలో వద్దో తేల్చుకోగలరు. అతిశయోక్తి దుకాణదారు ప్రకటనకు పనికివస్తే రావచ్చు, ఇక్కడ కాదు. కేవలం అలంకరణగా పెట్టిన తీగలకు, గీతలకు మాత్రం ఆల్ట్ పాఠాన్ని ఖాళీగా వదలాలి. ప్రతి తీగనూ వర్ణిస్తే ప్రబంధం అవుతుంది, పుట కాదు.

తెలుగుకు ప్రత్యేకమైన చిక్కు మరొకటి ఉంది. డీటీపీ కేంద్రాల పాత ఫాంట్లలో తెరమీద తెలుగు కనిపిస్తున్నా లోపల నిలువ ఉండేది ఆంగ్లాక్షరాల సంకేతాలే. పెళ్లిపత్రికలు, ఫ్లెక్సీల పని నుంచి వెబ్‌కు వచ్చినవారు ఆ పాఠాన్ని యూనికోడ్‌లోకి మార్చక, బొమ్మగా అతికించడానికి ఇదే కారణం. యూనికోడ్‌లో ఉన్నా, పుట భాష తెలుగు అని కోడ్‌లో ప్రకటించకపోతే చదివే సాఫ్ట్‌వేర్ తెలుగు గొంతుకు మారకపోవచ్చు. ఈ ప్రకటన ఒక్క పదం పని, ఖర్చు లేనిది.

ఐదుగురితో పరీక్షిస్తే వాడుక లోపాలు చాలావరకు బయటపడతాయని జేకబ్ నీల్సన్ 2000లో వాదించాడు. పాఠకవర్గాలు వేరువేరైతే వేరువేరుగా పరీక్షించాలని కూడా ఆయనే అన్నాడు. ఈ రెండో మాట అంతగా ప్రచారంలోకి రాలేదు. డిజైనర్ మిత్రులైన ఐదుగురూ చూపున్న యువకులే అయితే వారు ఒకే పాఠకుడి కింద లెక్క. డిజిటల్ అందుబాటు 21వ అధికరణం ఇచ్చిన జీవించే హక్కులో భాగమని సుప్రీంకోర్టు 2025 ఏప్రిల్ 30న తీర్పు చెప్పింది. అయినా కోరుట్లలోని చిన్న దుకాణం పుట దాకా ఆ తీర్పు నేరుగా నడిచి రాదు. అక్కడికి చేరవలసింది డిజైనర్ ఇచ్చే ధరల పత్రం ద్వారానే. ఫాంట్‌కు, డొమైన్‌కు, ఫోటోలకు అందులో వరుసలు ఉంటాయి. పుటను విని తప్పులు చెప్పే దృష్టిలోపం గల పరీక్షకుని శ్రమకూ ఒక వరుస, ఒక రుసుము ఉండాలి.