మైకు సెట్టాయన

కోనసీమలో తీర్థమైనా, పద్యనాటకమైనా మైకు సెట్టు దిగాకే సందడి మొదలు. మైకు గొంతును సన్నని కరెంటుగా మారుస్తుంది, అహూజా యాంప్లిఫయరు దానికి బలమిస్తుంది, కొబ్బరిచెట్టుకు కట్టిన హారను మళ్లీ శబ్దంగా వదులుతుంది. సూత్రం ఇంతే. నేర్పంతా హారన్లు కట్టడంలో ఉంది. హారను శబ్దం తిరిగి మైకులో పడిందా, చుట్టూ తిరిగి పెరిగి కీచుమంటుంది. అందుకే హారన్లను మైకుకు ముందువైపున, జనం వైపు తిప్పి కడతాడు మైకు సెట్టాయన. హరిశ్చంద్ర నాటకంలో హరిశ్చంద్రుడు రాగం ఎత్తుకోగానే వాల్యూము తగ్గిస్తాడు, కొడుకు లోహితాస్యుడి పసిగొంతుకు పెంచుతాడు. వన్స్‌మోర్‌లు మాత్రం నటుడికే! ఆయన పనికి వేళాపాళా కూడా ఉంది. శబ్ద కాలుష్య నిబంధనలు 2000లో వచ్చాయి; కొన్ని పండగ రోజుల సడలింపు తప్ప, ఆరుబయట రాత్రి 10 దాటితే మైకు ఆపాల్సిందే. ఈసారి నాటకానికి వెళ్తే, ఆయన బల్ల దగ్గర కాసేపు నిలబడి ఆ వేళ్లను చూడండి.