సీమ దాటిన నర్సమ్మ

2020 డిసెంబరు 8న ఇంగ్లండ్‌లోని కోవెంట్రీ ఆస్పత్రిలో 90 ఏళ్ల మార్గరెట్ కీనన్‌కు ఫైజర్ కోవిడ్ టీకా వేశారు. ప్రయోగాల దశ దాటాక ప్రపంచంలో ఆ టీకా అందుకున్న తొలి వ్యక్తి ఆమె. సూది వేసిన మే పార్సన్స్ ఫిలిప్పీన్స్ నుంచి వెళ్లిన నర్సు.

కేరళ నుంచీ, మన తెలుగు జిల్లాల నుంచీ వెళ్లే నర్సులదీ అదే దారి. బ్రిటన్‌లో రిజిస్టర్ కావాలంటే ఇక్కడి చదువు ఒక్కటే చాలదు. ఇంగ్లిషు వచ్చని రుజువు చేసుకోవాలి, కంప్యూటర్ పరీక్ష రాయాలి. ఆపైన పరీక్షకుల ఎదుట పని చేసి చూపాలి. జర్మనీకైతే జర్మన్ నేర్చుకోవాల్సిందే.

అసలు పనితనం వార్డులో తెలుస్తుంది. సెలైన్ పెట్టబోతే ముసలి చేతుల్లో నరం ఇట్టే జారిపోతుంది. నర్సు బొటనవేలితో చర్మాన్ని బిగువుగా కిందికి లాగి పట్టి, సూదిని ఏటవాలుగా పోనిస్తుంది. సూది వెనక అరలో రక్తం కనబడగానే సూదిని ఇంకాస్త వాల్చి, దాని మీదున్న ప్లాస్టిక్ గొట్టాన్ని ముందుకు జరుపుతుంది. అంతసేపూ పరాయి భాషలో రోగిని మాటల్లో పెడుతూనే ఉంటుంది.

వీళ్లు జీతం కోసమే వెళ్లారంటారు. అవును, ఇంటి దగ్గర అప్పులు తీరాలి కదా! కానీ ఆ ఒడుపు, ఆ ఓర్పు ఏ జీతపు లెక్కలోకీ రావు.