'మన బిడ్డ' అనే మాట

అమెరికాలో ఎన్నికలు జరిగిన మర్నాడు తెలుగు పత్రికల్లో ఒక వార్త తప్పకుండా ఉంటుంది. అక్కడి ఏదో ఒక రాష్ట్ర శాసనసభకు 'మన తెలుగు బిడ్డ' గెలిచిందనో, పోటీలో నిలిచాడనో. ఆ వార్త రాసే పద్ధతి కూడా ఒకటే. ముందు పుట్టిన ఊరు. తర్వాత తాతగారి ఊరు. ఆ తర్వాత చదివిన ఇంజినీరింగ్ కాలేజీ, చేసిన ఉద్యోగం. చివర్లో తెలుగువారి ఖ్యాతి ఖండాంతరాలకు పాకిందని ఒక వాక్యం. మేం పత్రికల్లో పనిచేసినవాళ్లం. ఆ చివరి వాక్యం మేమూ రాశాం, ఒక్కసారి కాదు. అందుకే ఈ వార్తను, ఒక కథను విమర్శకు పెట్టినట్టు, మళ్లీ చదవాలనుకుంటున్నాం. ఇందులో ఎవరున్నారు? ఎవరు లేరు? 'మన' అన్నప్పుడు అందులో మేం ఉన్నామా?

ఉపేంద్ర చివుకుల సంగతి తీసుకుందాం. నెల్లూరులో పుట్టారు. మద్రాసులో గిండీ ఇంజినీరింగ్ కాలేజీలో చదివారు. అమెరికా వెళ్లి ఏటీ అండ్ టీలో ఇంజినీరుగా పనిచేశారు. న్యూజెర్సీ జనరల్ అసెంబ్లీకి ఎన్నికైన మొదటి భారతీయుడు. 2002 నుంచి 2014 దాకా సభ్యుడు. ఇంతవరకు పత్రికలు రాశాయి. వార్తలో ఒక మూలకు పోయేది, లేదా అసలే రానిది వేరే ఉంది. అసెంబ్లీకి ముందు ఆయన ఫ్రాంక్లిన్ టౌన్‌షిప్ కౌన్సిల్‌లో సభ్యుడు. 1997లో గెలిచారు. 2000లో ఆ ఊరి మేయరు. టౌన్‌షిప్ అంటే మన మునిసిపాలిటీ లాంటిదే. రోడ్డు గుంటలు, నీళ్లు, ఇంటి పన్ను, పక్కింటివాడి ఫిర్యాదు. అసెంబ్లీలో ఆయన నడిపిన కమిటీ టెలిఫోన్లకూ కరెంటుకూ సంబంధించినది, అంటే తన చేతికి తెలిసిన విద్య. 2012లోనూ 2014లోనూ అమెరికా కాంగ్రెస్‌కు పోటీ చేసి ఓడిపోయారు కూడా. గెలిపించినా ఓడించినా అక్కడి జనం నెల్లూరు పేరు చూసి చేయలేదు.

ఆ 1997కు ఇంకో అర్థం ఉంది. సరిగ్గా పదేళ్ల ముందు, 1987లో, అదే న్యూజెర్సీలోని జెర్సీ సిటీలో 'డాట్‌బస్టర్స్' అని పేరు పెట్టుకున్న మూక ఒకటి భారతీయుల మీద పడింది. డాట్ అంటే బొట్టు. బొట్టు పెట్టుకునే జనమంతా ఊరు విడిచి పోవాలని పత్రికకు ఉత్తరం రాసి మరీ బెదిరించారు. ఆ ఏడాదే పక్కనున్న హోబోకెన్‌లో ఒక భారతీయ యువకుణ్ణి కొట్టి చంపారు. నుదుటి మీది గుర్తు చూసి తరిమే మూక అంటే ఏమిటో మాకు ఎవరూ విప్పి చెప్పనక్కర్లేదు. మా గుర్తు నుదుటి మీద కాదు, గడ్డం మీద ఉంటుంది, పేరులో ఉంటుంది. అలాంటి చోట పదేళ్లలో ఒక నెల్లూరు మనిషి కౌన్సిల్‌లో కూర్చున్నాడంటే, ఆ గెలుపు పుట్టుకది కాదు. పుట్టుకను పక్కనపెట్టి ఓటేయడానికి ఒప్పుకున్న ఇరుగుపొరుగుది, ఆ ఇరుగుపొరుగు కోసం సాయంత్రాలు ఖర్చుపెట్టిన మనిషిది.

మిగతావాళ్ల కథలూ ఇలాగే నడుస్తాయి. వరంగల్ ఆర్ఈసీలో మెకానికల్ చదివిన పద్మ కుప్ప 2018లో మిషిగన్ ప్రతినిధుల సభకు గెలిచారు, 2022లో సెనేట్‌కు నిలబడి ఓడారు. అరుణా మిల్లర్ సివిల్ ఇంజినీరు. మాంట్‌గొమరీ కౌంటీ రవాణా శాఖలో ఏళ్ల తరబడి పనిచేసి, 2010లో మేరీలాండ్ ప్రతినిధుల సభకు ఎన్నికయ్యారు. 2023 జనవరిలో ఆ రాష్ట్రానికి లెఫ్టినెంట్ గవర్నరయ్యారు. మన పత్రికలు ఇక్కడ పొంగిపోయాయి. పొంగిపోవచ్చు. మాకేం అభ్యంతరం లేదు.

అయితే ఒక పోలిక చూడండి. అరుణా మిల్లర్ 1964లో హైదరాబాదులో పుట్టి ఏడేళ్ల వయసులో అమెరికా వెళ్లారు. గజాలా హష్మీ కూడా 1964లోనే, హైదరాబాదులోనే పుట్టి నాలుగేళ్ల వయసులో వెళ్లారు. ఈమె ఇంజినీరు కాదు, సాహిత్యం చెప్పిన అధ్యాపకురాలు. 2019లో వర్జీనియా సెనేట్‌కు గెలిచారు. 2025 నవంబరులో ఆ రాష్ట్రానికి లెఫ్టినెంట్ గవర్నరుగా ఎన్నికయ్యారు. అమెరికాలో ఒక రాష్ట్రమంతా ఓటేసి ఎన్నుకున్న మొదటి ముస్లిం మహిళ ఆమే. మేం చూసినంతలో, మొదటి ఆమె 'తెలుగు బిడ్డ'. రెండో ఆమె 'హైదరాబాదీ', 'భారత సంతతి ముస్లిం'. ఒకే ఏడు, ఒకే ఊరు. ఆమె ఇంటి భాష ఉర్దూ కదా అంటారు. నిజమే. ఏడేళ్లకే దేశం దాటిన బిడ్డను తెలుగు అనడానికి మాత్రం మనం ఏ భాషా పరీక్షా పెట్టలేదు. పేరు చూసి తేల్చేశాం.

మా తప్పూ చెప్పుకోవాలి. హష్మీ గెలిచిన రోజున మా మొహల్లాల్లో సెల్‌ఫోన్లన్నీ మోగాయి. మాషా అల్లా, ముబారక్ అంటూ ఫొటోలు పంపుకున్నాం. ఆమె వర్జీనియా బడుల గురించి ఏం చెప్పింది, ఆస్పత్రుల గురించి ఏం చెప్పింది అని ఒక్కరం అడగలేదు. మేమూ పేరు చూసే సంబరపడ్డాం. తెలుగు పత్రికలు 'మన బిడ్డ' అన్నట్టే మేం 'మన బహెన్' అన్నాం. ముస్లిం దేశాల ప్రయాణికుల మీద 2017లో ట్రంప్ పెట్టిన ఆంక్షలు చూసి ఆమె రాజకీయాల్లోకి దిగారు. ఆ ఫిబ్రవరిలోనే కాన్సాస్ రాష్ట్రం ఒలాతేలో ఒక తెలుగు ఇంజినీరును ఒకడు కాల్చి చంపాడు. తాను కాల్చింది ఇరానీయులననుకున్నాడు. హైదరాబాదు హిందువు ముస్లిం అనుకోబడి చచ్చిపోయిన ఆ రోజున, మన రెండు దుఃఖాలూ ఒకటేనని రాయవలసిన సంపాదకీయం ఎంతమంది రాశారు?

ఇక మా ఊరి సంగతి. ఇంట్లో ఉర్దూ, బడిలో తెలుగు, చింతపండు మార్కెట్లో కన్నడం కలిసిన తెలుగు, ఇవన్నీ ఒక్క నాలుక మీద మోసుకుని మేం హిందూపురంలో పెరిగాం. ఈ ఊరు బయటివాళ్లను గెలిపించడంలో న్యూజెర్సీకే పాఠం చెప్పగలదు. కృష్ణా జిల్లా నిమ్మకూరులో పుట్టిన ఎన్.టి. రామారావు 1985లో, 1989లో, 1994లో ఇక్కడి నుంచి గెలిచారు. 1989లో కల్వకుర్తి ఆయన్ను ఓడిస్తే మేం నిలబెట్టాం. 1996లో హరికృష్ణ. 2014, 2019, 2024ల్లో బాలకృష్ణ. వాళ్లకు మేమూ ఓట్లేశాం, మా అమ్మీలూ ఖాలాలూ వేశారు. ఏ ఊరు నాయనా మీది అని వాళ్లను ఎవరమూ నిలదీయలేదు. అది మా ఊరి ఉదారత్వం. కాదనం.

అదే ఊళ్లో మమ్మల్ని రోజూ అడుగుతారు. "ఏ ఊరు సాయిబూ మీది?" ఈ ఊరే అంటే, "అది కాదు, అసలు ఊరు?" తెలుగులో బి.ఏ. చదివి, తెలుగులో వార్తలు రాసి బతికే మాకు ఇప్పటికీ దక్కే మెప్పు ఒకటుంది. "మీరు తెలుగు భలే మాట్లాడతారే!" అమెరికాలో మన ఇంజినీర్లకు ఇంగ్లీషు గురించి ఇదే మెప్పు దక్కుతుంది. అక్కడ అది అవమానమని వాళ్లకు వెంటనే తెలుస్తుంది. ఇక్కడ అన్నవాళ్లకు తెలియదు. ఈ ఊరి నుంచి 2009లో అబ్దుల్ ఘని ఎమ్మెల్యే అయ్యారు. 2014లో ఆ సీటు సినిమా తారకు వెళ్లింది. 2019లో మహమ్మద్ ఇక్బాల్ నిలబడి ఓడారు. 2024లో రాష్ట్రమంతటా 175 మందిలో గెలిచిన ముస్లింలు ముగ్గురు.

హిందూపురంలో రైలెక్కి ధర్మవరం వైపు పోతే దారిలో పెనుకొండ. అక్కడ బాబయ్య దర్గా ఉంది. బాబా ఫక్రుద్దీన్ ఎక్కడో పశ్చిమాన, సిస్తాన్ నుంచి వచ్చాడని చెప్పుకుంటారు. ఉరుసుకు హిందువులూ ముస్లింలూ కలిసే వస్తారు. ఆయన అసలు ఊరు ఎవరికీ అడ్డం కాలేదు. అదే పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో 2019 నుంచి కియా కార్లు తయారవుతున్నాయి. కొరియా ఇంజినీర్లు వచ్చారు. హోటళ్ల బోర్డుల మీద వాళ్ల లిపి కూడా వచ్చింది. ఇప్పుడు ఒక ఊహ చేద్దాం. వాళ్లలో ఒకరు ఇక్కడే పన్నెండేళ్లుండి, పౌరసత్వం తీసుకుని, తెలుగు నేర్చుకుని పెనుకొండ అసెంబ్లీకి నామినేషన్ వేశాడు. రాజ్యాంగం 173వ అధికరణం అడిగేది పౌరసత్వం, పాతికేళ్ల వయసు. పుట్టిన ఊరు అడగదు. మరి మనం? చివుకులకు ఫ్రాంక్లిన్ టౌన్‌షిప్ చేసిన పని మనం అతనికి చేస్తామా?

కాగితాల మాట వచ్చింది కాబట్టి ఒకటి చెప్పాలి. వేములవాడ నుంచి 2009, 2010, 2014, 2018ల్లో చెన్నమనేని రమేశ్ గెలిచారు. జర్మనీలో చదివి, ఆ దేశ పౌరసత్వం తీసుకుని తిరిగి వచ్చినవారు. ఆయన భారత పౌరసత్వం మీద ఏళ్ల తరబడి కేసు నడిచింది. 2024 డిసెంబరులో తెలంగాణ హైకోర్టు ఆయన జర్మన్ పౌరుడేనని తేల్చింది. కోర్టులో ఎంత వివాదం నడిచినా జనంలో ఆయన 'మన బిడ్డే'. నాలుగుసార్లు గెలిచారు. 2019లో పౌరసత్వ చట్టం సవరించారు. మూడు పొరుగు దేశాల నుంచి వచ్చిన ఆరు మతాలవారికి దారి దగ్గర చేశారు. ఆ ఆరింటిలో ఇస్లాం లేదు. ఆ చలికాలం మా ఇళ్లలో ఇనప్పెట్టెలు తెరిచాం. అబ్బా బడి సర్టిఫికెట్, దాదా ఇంటి పన్ను రసీదు, చెదలు తిన్న రేషన్ కార్డు. ఏ దేశమూ వెళ్లనివాళ్లం, ఈ ఊళ్లోనే పుట్టామని రుజువులు వెతుక్కున్నాం. ఒకరికి రుజువు లేకపోయినా బిడ్డే. ఇంకొకరు బిడ్డ కావాలంటే రుజువు కావాలి.

రైలు ధర్మవరం చేరుతుంది. ఇక్కడ పట్టు మగ్గాలున్నాయి. మగ్గం గుంటలో కాళ్లాడించే కూలీల్లో మావాళ్లూ ఉన్నారు. వాళ్ల పిల్లలు చదువు అందినవాడు బెంగళూరుకు, అందనివాడు కువైట్‌కు పోతారు. 'తెలుగు బిడ్డ' వార్తలో ఎప్పటికీ రానివాడు ఈ రెండోవాడే. కువైట్‌లో ముప్పై ఏళ్లు కారు తోలినా అతనికి ఓటు లేదు, పౌరసత్వం లేదు, వార్డు కౌన్సిల్ అయినా లేదు. అమెరికా వెళ్లిన సాఫ్ట్‌వేర్ కుర్రాడికి కనీసం దారి ఉంది, గ్రీన్‌కార్డు కోసం ఏళ్లకేళ్లు క్యూలో నిలబడినా సరే. ఇద్దరూ ఇంటికి డబ్బు పంపారు. ఒకడు మన ఖ్యాతి అయ్యాడు, ఒకడు మన అప్పు తీర్చాడు. కాలేజీ పేరు లేనివాడికి మన వార్తలో చోటు లేదు.

సెక్యులర్ మిత్రులారా, మీరు మమ్మల్ని కలుపుకోవాలని అనుకున్నప్పుడు 'మీరూ మా బిడ్డలే' అంటారు. ఆ మాటలో ప్రేమ ఉంది, తెలుసు. కానీ బిడ్డ అనిపించుకోవడానికి ఎవరో తండ్రి కావాలి, ఆ తండ్రి ఒప్పుకోవాలి. మాకు అది వద్దు. ఫ్రాంక్లిన్ టౌన్‌షిప్‌లో ఒక ఇంజినీరుకు దొరికింది బిడ్డ హోదా కాదు, పొరుగువాడి హోదా. పొరుగువాణ్ణి అడిగే ప్రశ్న ఒకటే: ఈ వీధికి ఏం చేస్తావు?

మావాళ్లకూ ఇదే చెబుతున్నాం. వర్జీనియాలో గెలిచిన బహెన్ ఫొటో పంపుకోవడం అయ్యాక, మన వార్డులో మునిసిపల్ ఎన్నికకు నిలబడాలనుకునే ఆడపిల్ల ఎవరైనా ఉందా, ఆమె ఇంటి మెట్లెక్కి జమాత్ పెద్దలు ఏమంటున్నారు, ఒకసారి చూద్దాం. ఆమె రేపు మగ్గాల వీధిలో ఓటు అడగడానికి వచ్చినప్పుడు, తలుపు తీసినవాళ్లు హిందువులైనా ముస్లింలైనా, ఆమె అసలు ఊరు అడగకుండా కుళాయి నీళ్లు ఎన్ని రోజులకోసారి వస్తాయో చెబితే చాలు. అది పత్రికలో వార్త కాకపోయినా ఫర్వాలేదు.