పది మీటర్లు, ఒక అట్ట, ఒంటి చెయ్యి

తిరునాళ్లలో బుడగలు పేల్చే కొట్టు దగ్గర గురి తప్పితే నేరం తుపాకీ మీదికి నెట్టేయొచ్చు. గొట్టం వంకరంటాం, కొట్టువాడు నవ్వి ఊరుకుంటాడు. ఆ సరదా ముదిరి ఎయిర్ పిస్టల్ కొనుక్కున్నవాళ్లు నలుగురు కలిస్తే ఇంట్లోనే చిన్న పోటీ పెట్టుకోవచ్చు. అయితే ఇక్కడ సాకులు చెల్లవు. పెల్లెట్ ఎక్కడ తగిలిందో అట్ట మీద చిల్లే చెబుతుంది.

ఇంటి రేంజిని చులకన చేయక్కర్లేదు. హైదరాబాద్ అమ్మాయి ఈషా సింగ్ గచ్చిబౌలి స్టేడియంలోనే కాదు, ఇంట్లో కాగితపు టార్గెట్ల మీద కూడా సాధన చేసింది. 2018లో పదమూడేళ్ల వయసులో మను భాకర్, హీనా సిద్ధూ వంటి పేరున్న షూటర్లను దాటి జాతీయ విజేత అయింది. 2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల నుంచి నాలుగు పతకాలు తెచ్చింది.

ముందు చూసుకోవాల్సింది పిస్టల్ కాదు, అట్ట వెనకాల ఏముందన్నది. డాబా మీద పోటీ అనే మాటే వద్దు. పిట్టగోడ దాటిన పెల్లెట్ పక్కింట్లో బట్టలారేసేవాళ్ల వైపు పోతుంది. తలుపులు గడియ పెట్టుకునే పొడవాటి హాలే మేలు. ఒక పెట్టెలో మందపాటి ఇనుప రేకును పై అంచు మనవైపు వాలేలా బిగించి, అడుగున ఇసుక పోస్తే తగిలిన పెల్లెట్ కిందికి దిగిపోతుంది. నిటారు గోడకు తగిలితే తిరిగి మొహం మీదికే రావచ్చు. అందుకే చూసేవాళ్లకు కూడా కళ్లద్దాలు ఉండాల్సిందే.

అంతర్జాతీయ లెక్కలో దూరం 10 మీటర్లు, అట్ట నడిమధ్య నేలకు 1.4 మీటర్ల ఎత్తు. పది పాయింట్ల వలయం వ్యాసం 11.5 మి.మీ., చొక్కా బొత్తామంత. హాలు 5 మీటర్లే ఉంటే అట్టను సగానికి కుదించి జిరాక్స్ తీయించొచ్చు. ఇందులో చిన్న మోసముంది. వలయం సగమైంది గానీ 4.5 మి.మీ. పెల్లెట్ సగం కాలేదు. చిల్లు అంచు గీతను తాకినా పెద్ద అంకే ఇస్తారు కనుక దగ్గర్నుంచి పదులు తేలిగ్గా పడతాయి. ఆ స్కోరుతో అసలు రేంజికెళ్లి గొప్పలు పోతే నవ్విపోతారు.

పిస్టల్ పట్టేది ఒంటి చేత్తోనే, రెండో చెయ్యి జేబులో. చూపు నల్లచుక్క మీద కాదు, ముందు సైటు మీద నిలవాలి. చుక్క మసగ్గానే కనిపించాలి. చెయ్యి ఎవరికైనా ఊగుతుంది. ఊగుడు ఆగే క్షణం కోసం కాచుకుని చటుక్కున ట్రిగ్గర్ లాగితే చిల్లు ఎక్కడో అంచున తేలుతుంది. ఊగుతుండగానే మెల్లగా నొక్కుతూ పోవాలి. చెబితే ఎవరూ నమ్మరు, టార్గెట్ కార్డుల కట్ట ఒకటి ఖర్చయ్యాక నమ్ముతారు.

పెద్ద పోటీల్లో 60 షాట్లు. ఇంట్లో ఇరవై చాలు, కార్డుకు ఐదు చొప్పున. మూతి చదునుగా ఉన్న పెల్లెట్లయితే చిల్లు గుండ్రంగా తెగి తగువు తగ్గుతుంది. ‘లోడ్’, ‘స్టార్ట్’, ‘స్టాప్’ ఒక్కరే చెప్పాలి, ఆ ఒక్కరు పోటీలో ఉండకూడదు. అందరి పిస్టళ్లూ ఖాళీ అయి, ఆ సంగతి తెలిసేలా దూర్చిన రంగు తాడు గొట్టాల్లోంచి కనబడ్డాకే అట్టల దగ్గరికి నడవాలి. ఎవరి కార్డు వాళ్లు లెక్కపెట్టుకోకూడదు, బావా బావమరుదులైనా సరే. సమమైతే లోపలి పదులు, అంటే పది వలయం లోపలి చిన్న వలయంలో పడ్డవి, ఎవరికెక్కువో చూస్తారు.

పెల్లెట్లు సీసంతో చేసినవి. అందరూ సబ్బుతో చేతులు కడుక్కున్నాకే మిరపకాయ బజ్జీల పళ్లెం బయటికి రావాలి.