అలంకారశాస్త్రంలో లేని అధ్యాయం

కావ్యాలకి అలంకారశాస్త్రం వుంది. ఆడవాళ్ళకి నగలకొట్లు వున్నాయి. దేవుడికి కల్యాణం నాడు ముస్తాబు చెయ్యడానికి అర్చకస్వాములున్నారు. సైకిలు అలంకారాల గురించి మాత్రం విమర్శకుడన్నవాడు నోరు మెదపగా నేను చూడలేదు. ఆ పని చెయ్యడానికి నీకున్న అర్హత ఏమిటయ్యా అంటే, ఒక్కటే వుంది. ఈ విషయంలో ఒకప్పుడు నేను గొప్పగా తీర్పు చెప్పి, ఘోరంగా పొరబడ్డాను.

ముందు గ్రంథ పరిచయం. మా మేనమామ తెనాలి దగ్గర ఒక రైసుమిల్లులో గుమాస్తా. రోజూ కాలవగట్టు మీద రానూ పోనూ 12 మైళ్ళు తొక్కేవాడు. ఆయన సైకిలు పుట్టుకతో అందరి సైకిళ్ళ లాంటిదే. నల్లరంగు, 28 అంగుళాల చక్రాలు, ఇనప కడ్డీల బ్రేకులు. 1949లో మద్రాసులోనూ, 1951లో సోనీపట్‌లోనూ, 1956లో లూధియానాలోనూ వెలిసిన కంపెనీలు ఇంగ్లండు సైకిలుని చూసి దేశమంతటికీ పంచిపెట్టింది ఇంచుమించు ఈ ఒక్క రూపాన్నే. వందమంది సినిమాకి వెడితే బయట వంద నల్లసైకిళ్ళు నిలబడి వుండేవి. ఎవరిది ఏదో తాళంచెవి పెట్టి చూసుకోవలసిందే.

మామయ్యకి ఆ బాధ లేదు. ఆయన సైకిలుకి హేండిలు మీద కుడివైపొక అద్దం, ఎడమవైపొక అద్దం. పిడుల చివర గాలికి ఎగిరే ప్లాస్టిక్ కుచ్చులు. బెల్లు వుంది, అది చాలదన్నట్టు రబ్బరు బుడ్డి హారను కూడా వుంది. లైటుకి పసుపుపచ్చ గుడ్డ తొడుగు. సీటుకి జరీ అంచు కుట్టిన ఎర్ర వెల్వెట్టు. రెండు చక్రాల ఇరుసులకీ రంగురంగుల కుచ్చుల పట్టీలు. చక్రం తిరిగినంతసేపూ అవి ఇరుసుని తుడుస్తూనే వుంటాయి. చువ్వల మధ్య ప్లాస్టిక్ పూలు. వెనక మడ్‌గార్డు చివర వేలాడే రబ్బరు ముక్క మీద తామరపువ్వు. 

అవి నేను కాలేజీలో చదువుతూ వచనకవిత్వం వెలగబెడుతున్న రోజులు. ఒక్క మాట ఎక్కువైనా కవిత పాడైపోతుందని నమ్మేవాణ్ణి. ఒకనాడు పదిమందిలో అనేశాను: “మామయ్యా, నీ సైకిలు పెళ్ళివారి గుర్రంలా వుంది. ఎక్కేవాడు పెళ్ళికొడుకైనా కావాలి, బేండుమేళం వాడైనా కావాలి.”

అందరూ నవ్వారు. మామయ్యా నవ్వాడు. నవ్వి, పైపంచె చెంగుతో కుడివైపు అద్దం తుడుచుకున్నాడు.

నా వెనక శాస్త్రబలం కూడా లేకపోలేదు. 11వ శతాబ్దంలో కాశ్మీర దేశపు క్షేమేంద్రుడు ‘ఔచిత్యవిచారచర్చ’ రాశాడు. నగ ఎంత మంచిదైనా తన చోట వుంటేనే అందం, చోటు తప్పితే నవ్వులపాలు అని స్థూలంగా ఆయన వాదం. సైకిలు అనేది వూరికి పోవడానికి. పూలకి అక్కడ చోటెక్కడిది? ఇదీ నా తీర్పు.

చాలా ఏళ్ళ తరవాత అమెరికా సైకిళ్ళ చరిత్ర చదివాను. అసలు అతి అంటే ఏమిటో అప్పుడు తెలిసింది. 1934లో ష్విన్ కంపెనీ ‘ఏరోసైకిల్’ అని ఒకటి తీసింది. పేరులో విమానం, ఒంటికి పెట్రోలు టాంకు ఆకారంలో ఒక డబ్బా. అందులో పెట్రోలు వుండదు. 1949లో ‘బ్లాక్ ఫాంటమ్’ వచ్చింది. నిలువెల్లా క్రోమియం తళతళలు, మోటారుసైకిలు వాలకం. 1950 ప్రాంతాల్లో కౌబాయ్ వీరుడు హోపలాంగ్ కేసిడీ పేరుతో వచ్చిన సైకిలుకి తోలు ఒరలూ, వాటిలో బొమ్మ పిస్తోళ్ళూ. 1955లో హఫీ వారు రేడియో బిగించిన సైకిలు అమ్మారు. ముందు రేడియో, వెనక కేరియరు మీద దాని బేటరీ. 1946లో లండన్ ఎగ్జిబిషన్‌లో బెంజమిన్ బౌడెన్ చూపించిన నమూనా 1960లో ఫైబర్‌గ్లాసు ఒంటితో ‘స్పేస్‌లాండర్’ అయింది. అయిదువందల పైచిలుకు తయారయ్యేసరికి ఆ ముచ్చటా ముగిసింది.

ఇవన్నీ చూడముచ్చటైనవే. పన్నెండేళ్ళ కుర్రాడి కళ్ళు పెట్టుకుని చూస్తే మరీను. కానీ విమర్శకుడి భాషలో చెప్పాలంటే ఇవి రూపకాలు. “నేను సైకిలుని కాను, విమానాన్ని” అంటుంది ఒకటి. “నేను గుర్రాన్ని” అంటుంది మరొకటి. “నేను రాకెట్టుని” అంటుంది ఇంకోటి. సైకిలుగా పుట్టినందుకు సిగ్గుపడే సైకిళ్ళు! పైగా ఆ కల కుర్రాడు కన్నది కాదు. ఫేక్టరీలో కని, ధర చీటీ కట్టి పంపించింది.

అప్పుడు గుర్తొచ్చింది మామయ్య సైకిలు. దాని మీద వున్న ఏ ఒక్క వస్తువూ సైకిలుని ఇంకోటిగా చూపించదు. అద్దం అద్దమే. పువ్వు పువ్వే. పండగనాడు పసుపురాసి బొట్టుపెట్టిన గడపని చూసి ఎవరైనా అది గడప కాదనుకుంటారా? అదీ ఇంతే. పైగా ఆ సరంజామా ఏ కంపెనీ ఇచ్చిందీ కాదు. జీతం మిగిలిన నెలలో ఒకటి, బోనసు వచ్చిన దసరాకి ఒకటి చొప్పున కూడింది. ఢాకా రిక్షాలనీ వాటి మీది బొమ్మలనీ 2023లో యునెస్కో తన సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది. సంతోషం. అయితే రిక్షా బొమ్మకి చిత్రకారుడున్నాడు. మామయ్య సైకిలుకి కర్తా, పాఠకుడూ, చందాదారుడూ అన్నీ మామయ్యే.

ఇక ఆ సరంజామాలో మకుటం డైనమో. 6 వోల్టులు, 3 వాట్లు, అంతే దాని బలం. బుడ్డి తల టైరుకి ఆనించగానే సైకిలు బరువెక్కుతుంది. గట్టిగా తొక్కితే వెలుగు, మెల్లిగా తొక్కితే మినుకు, ఆగితే చీకటి. ఎంత కాలి కష్టమో అంత కాంతి. రాత్రిళ్ళు మా ఇంటి అరుగు మీంచి చూస్తే కాలవగట్టు మీద ఆ పసుపుపచ్చ చుక్క కనిపించేది. వంతెన ఎక్కేటప్పుడు ఆరిపోతుందేమో అన్నంతగా సన్నగిల్లేది. దిగేటప్పుడు భగ్గుమనేది. అది భగ్గుమనగానే అత్తయ్య లేచి కంచం పెట్టేది.

మామయ్య పోయాక సైకిలు వసారాలో కొన్నాళ్ళు తుప్పుపట్టింది. చివరికి పాత ఇనుము కొనేవాణ్ణి పిలిచాం. అతను తన పద్ధతిలో పెద్ద విమర్శకుడే. ఇనుము కానిది ఏదీ తూకంలోకి రాదు కదా! పటకారుతో అద్దాలు పీకాడు, వెల్వెట్టు చింపాడు, కుచ్చులూ పూలూ లాగి గుమ్మం దగ్గర కుప్పపోశాడు. నేను కాలేజీ రోజుల్లో చెయ్యాలనుకున్న పనే, పది నిమిషాల్లో పూర్తిచేశాడు. ఆ మిగిలినదాన్ని తోపుడుబండి మీద వున్న నాలుగైదు పాత సైకిళ్ళ పక్కన పడేశాడు.

అత్తయ్య లోపల్నించి వచ్చి, “మనది ఏదిరా?” అంది.

నేను చూపించలేకపోయాను. అన్నీ నల్లగానే వున్నాయి. ఆవిడ బండి వైపు ఇంక చూడలేదు. వంగి గుమ్మం దగ్గర కుప్పలోంచి పసుపుపచ్చ గుడ్డ తొడుగు తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది.

క్షేమేంద్రుడు తప్పు చెప్పలేదు. చోటు చూసుకోవడంలో తప్పు నాది. ఆ అలంకారాలు సైకిలుకి పెట్టినవనుకున్నాను. పొద్దున్నించి సాయంత్రం దాకా ఇతరుల బస్తాలు లెక్కరాసే మనిషి, ఇది నాది అని రాసుకోవడానికి దొరికిన కాగితం ఆ సైకిలు. అనవసరం అని నేను కొట్టేసిన అక్షరాలన్నీ ఆయన సంతకంలోవి.

కనక ఆనాటి తీర్పు ఇందుమూలంగా రద్దు చేస్తున్నాను. కుచ్చులూ పూలూ హారనూ తామరపువ్వూ, అన్నీ ఉచితమే. ఎడమవైపు అద్దం ఒక్కటి మాత్రం ఇప్పటికీ ఒప్పుకోలేను. అందులో ఆయన మోచెయ్యి తప్ప ఏమీ కనబడేది కాదు. మామయ్యే వుంటే ఈ మాటకి కూడా నవ్వి, పంచె చెంగుతో ఆ అద్దమే తుడిచేవాడు.