కోట గొంతులో మన యాస

తెలంగాణ యాసను తెలుగు తెర మీద ఊరూరికీ వినిపించిన నటుల్లో ముందు గుర్తొచ్చే మనిషి తెలంగాణవాడు కాదు. 1942 జులై 10న కృష్ణా జిల్లా కంకిపాడులో పుట్టిన కోట శ్రీనివాసరావు. ఈ సంగతి ఎత్తితే మా బొగ్గుబాయిల ఊరు గోలేటిలో రెండు జట్లు తయారవుతాయి. ‘మన మాటను సినిమాకెక్కించిండు’ అంటుంది ఒక జట్టు. ‘మన మాటను తీస్కపోయి దొంగ మంత్రి నోట్ల పెట్టిండ్రు’ అంటుంది ఇంకో జట్టు. 2025 జులై 13న ఆయన హైదరాబాద్‌లో కన్నుమూసిన వారమంతా టౌన్‌షిప్ టీ హోటళ్ల దగ్గర ఇదే పంచాయితీ. బాయి మీద కొలువు చేసుకుంటూ, సందు దొరికినప్పుడల్లా నాటకాలు వేయించే నాకు మాత్రం ఏ జట్టులో చేరాలన్న దానికంటే ఆయన ఆ పని ఎట్లా చేశాడన్నదే తెలుసుకోబుద్ధవుతుంది.

కోట కూడా కొలువు వదలకుండా నాటకాలాడినవాడే. తండ్రి డాక్టరు. ఈయన స్టేట్ బ్యాంకులో చేరాడు. సాయంత్రమైతే రిహార్సళ్లు, సెలవులొస్తే పరిషత్తులు. సి.ఎస్. రావు రాసిన ‘ప్రాణం ఖరీదు’ నాటకంలో వేషం కట్టాడు. దాన్నే కె. వాసు 1978లో సినిమా తీస్తే అందులోనూ ఒక వేషం దొరికింది. జనం ముందుకు చిరంజీవి మొదట వచ్చిన సినిమా కూడా అదే. అప్పటికి కోటకు ముప్పై ఆరేళ్లు. జనం పేరు పెట్టి పిలవడానికి ఇంకో ఏడేళ్లు పట్టింది. 1985లో టి. కృష్ణ ‘ప్రతిఘటన’ తీసి మంత్రి కాశయ్య వేషం ఇచ్చేదాకా ఆయన బ్యాంకు జీతం మీద బతికిన నాటకాల మనిషే. ఆ తర్వాత ఏడు వందలకు పైగా సినిమాలు, తొమ్మిది నందులు, విజయవాడ తూర్పు ఎమ్మెల్యేగిరీ, 2015లో పద్మశ్రీ. అవన్నీ అందరికీ తెలిసినవే. నాకు పనికొచ్చేది ఆ ముందరి కాలమే. టిక్కెట్లు తెగని నాటకాలు ఆడుతూ, పేరు రాకుండానే ఆయన నేర్చుకున్నదేమిటి?

నాకు తోచినంతలో, వినడం. నాటకంలో నీ మాట నువ్వు చెప్పేది కాసేపే. మిగతా సేపంతా ఎదుటివాడు మాట్లాడుతుంటాడు, జనం నిన్నూ చూస్తుంటారు. ఆ సేపట్లో నువ్వు నిజంగా వింటున్నావా, నీ వంతు కోసం కాచుకుని ఉన్నావా అన్నది చివరి వరుసలో కూర్చున్నవాడికి కూడా తెలిసిపోతుంది. అమెరికాలో శాన్‌ఫోర్డ్ మైస్నర్ అనే నటనాచార్యుడు న్యూయార్క్‌లో దశాబ్దాల తరబడి దీన్నే పాఠంగా చెప్పాడు. ఇద్దరిని ఎదురెదురుగా కూర్చోబెట్టి ఒకే మాటను ఒకరి తర్వాత ఒకరితో అనిపించేవాడు. ఎదుటివాడిని గమనించినకొద్దీ అదే మాట రంగు మారిపోతుంది. మన పరిషత్తు నాటకాల్లో ఈ పాఠానికి పేరు లేదుగానీ, దెబ్బలు తిని నేర్చుకున్నవాళ్లు చాలామందే ఉన్నారు.

జంధ్యాల ‘ఆహా నా పెళ్ళంట’ (1987) మళ్లీ చూడండి. పిసినారి లక్ష్మీపతి కళ్లజోడు అద్దం పగిలి ఉంటుంది. పైనుంచి కోడిని వేలాడదీసి, దాన్ని చూసుకుంటూ వట్టి అన్నం తింటాడు. కోడి వైపు కోట చూసే చూపు గమనించండి. ఎక్కడా ‘చూడండి, నవ్వండి’ అన్న సైగ ఉండదు. నిజంగానే కోడికూర తింటున్నవాడి శ్రద్ధ ఉంటుంది, ముద్ద ముద్దకీ తృప్తి ఉంటుంది. తాను నవ్వులపాలవుతున్నానని లక్ష్మీపతికి తెలియదు. ఆ తెలియకపోవడాన్ని కోట కడదాకా కాపాడాడు. మా కళాకారుల్లో నూటికి తొంభైమంది అక్కడే తప్పిపోతారు. జనం ఒకసారి నవ్వగానే రెండో ముద్ద జనం కోసం తింటారు.

యాస దగ్గరా ఆయన చేసింది ఇదే. ‘గిట్ల’, ‘గట్ల’ అని నాలుగు మాటలు చల్లితే తెలంగాణ యాస అయిపోదు. ఎక్కడ ఊపిరి తీసుకుంటాం, ఏ అక్షరం సాగదీస్తాం, కోపమొస్తే గొంతు పైకి పోతుందా కిందికి దిగుతుందా, అదంతా కలిస్తేనే యాస. ‘ప్రతిఘటన’ మంత్రి నెమ్మదిగా, చనువుగా మాట్లాడతాడు. భయం పుట్టేది ఆ చనువుకే. ‘మనీ’ (1993)లో అల్లావుద్దీన్ నోట హైదరాబాద్ గల్లీ ఇంకో రకంగా పలికింది. ఒకే యాసను రెండుచోట్లా అప్పజెప్పలేదు. అంటే ఎక్కడో, ఎవరినో చెవులు నిక్కబొడుచుకుని విన్నాడన్నమాట.

అయితే రెండో జట్టు వాదన కొట్టిపారేసేది కాదు. దాని రుజువు నాకు మా రిహార్సల్లోనే దొరికింది. డిసెంబరు 23న సింగరేణి డే వస్తుందంటే మా దగ్గర నాటికల సందడి. ఒకసారి షావుకారు వేషానికి ఓపెన్‌కాస్టులో పనిచేసే ఓ కుర్రాడిని తీసుకున్నాను. పుట్టింది రెబ్బెన మండలంలోనే, ఇంట్లో మాట్లాడేది ఈ మాటే. డైలాగు అందుకోగానే మెడ పక్కకు వాల్చి, కళ్లు చికిలించి, సినిమా తెలంగాణ మొదలుపెట్టాడు. అచ్చం కోట. తన ఊరి మాటను తన ఊళ్లోనే ఇంకొకరిని అనుకరిస్తూ మాట్లాడుతున్నాడు. నాటకం పక్కనపెట్టి, ‘తమ్మీ, ఇయ్యాల డ్యూటీల ఏమైంది?’ అని అడిగాను. ‘ఏమైతదన్నా, పొద్దుగాల్నే డంపర్ ఖరాబైంది. గంటసేపు అట్లనే కూసున్నం. సారేమో మామీద గరమైతుండు’ అన్నాడు. మెడ నిటారుగా ఉంది, గొంతు తనదే. ‘షావుకారు గిదే గొంతుతోని మాట్లాడుతడు’ అన్నాను. నమ్మలేదు. ‘గిట్ల మాట్లాడితే వేషమెట్లయితదన్నా? జనం నవ్వరు గదా’ అన్నాడు.

ఇన్నేళ్ల సినిమాలు మా పిల్లల మీద చేసిన పని అదీ. యాస అంటే విలన్‌కో, నవ్వించేవాడికో పెట్టేదని వాళ్లకు నూరిపోశాయి. ఇందులో కోట నేరం ఎంత? వేషం రాసినవాడు, తీసినవాడు వేరు. దొరికిన వేషాన్ని ఆయన నిజాయితీగా కట్టాడు, అంత బాగా కట్టడం వల్లే అది అచ్చుగా మిగిలిపోయింది. ఆయనే జీవితమంతా ఒక మాట మీద నిలబడ్డాడు: మన నటులుండగా పరాయి భాషల నుంచి నటులను తేవడమెందుకని. ఆ లెక్కన కరీంనగర్, ఆదిలాబాద్ నాటకాలవాళ్లు కూడా ఆయనను అదే ప్రశ్న అడగొచ్చు.

ఇప్పుడు కొంత మారింది. 2023లో వచ్చిన ‘బలగం’లో రంగస్థలం నుంచి వచ్చిన కేతిరి సుధాకర్ రెడ్డి కొమురయ్యగా కనిపిస్తే, మా ఇంటి పెద్దాయనే అనుకున్నాం. అదే ఏడాది బొగ్గుబాయిల ఊరి కథతో వచ్చిన ‘దసరా’లో హీరో నోటే ఈ మాట పలికింది. విలన్ దాటి, కమెడియన్ దాటి యాస ఇంటి మనిషి దాకా వచ్చింది.

అందుకే నా తీర్పు రెండు జట్లకూ నచ్చదు. కోటను మావాళ్లు తప్పకుండా చూడాలి. ఆయన గొంతు కోసం కాదు, చెవి కోసం. కంకిపాడు మనిషి మన మాటను విని నేర్చుకోగలిగినప్పుడు, రోజూ అందులోనే బతికే మనం దాన్ని సినిమా చూసి నేర్చుకోవడం సిగ్గుచేటు. ఇక మీదట మా రిహార్సల్లో మొదటి రోజు ఎవరికీ డైలాగు కాగితాలు ఇవ్వను. ఇంట్లో ముసలమ్మ దగ్గర ఒక ముచ్చట విని, ఆమె చెప్పినట్టే వచ్చి చెప్పినవాడికే వేషం.