హాస్యకరుణముల విరోధము – హెరాల్డ్ అండ్ మాడ్ చలనచిత్రము

హాస్యమునకు భయానక కరుణములు విరోధులని సాహిత్యదర్పణమున విశ్వనాథుఁడు చెప్పెను. ఈ విరోధమునే పునాదిగాఁ జేసికొని 1971వ సంవత్సరాంతమున అమెరికాలో వెలువడిన చలనచిత్రము హెరాల్డ్ అండ్ మాడ్. రచయిత కాలిన్ హిగ్గిన్స్, దర్శకుఁడు హాల్ ఆష్బీ. హెరాల్డను ధనికయువకుఁడు తల్లి యెదుట ఉరిపోసికొన్నట్లును, గొంతు కోసికొన్నట్లును నటించుచుండును. ఆమె చలింపదు, భోజనమునకు వేళ చెప్పి పోవును. వానికిఁ బరుల శవసంస్కారములు చూచుట వినోదము. అచ్చటనే యెనుబదవ యేఁటికిఁ జేరువయైన మాడ్ అను వృద్ధ పరిచితయగును, పరిచయము ప్రణయమగును.

దీనిఁ జూచి విమర్శకులు రెండు పక్షములైరి. వెరైటీ పత్రిక దీనియందలి యుల్లాసమును దగులఁబడుచున్న యనాథాశ్రమముతోఁ బోల్చెను. రోజర్ ఎబర్ట్ నాలుగు నక్షత్రములకు ఒకటిన్నర మాత్రమే యిచ్చెను. అట్లుండియు మిన్నెసోటా రాష్ట్రమున ఎడైనా పట్టణపు వెస్ట్‌గేట్ థియేటరులో నిది 1972 మొదలు రెండేండ్లకుఁ బైగా ఆడెను. 1997లో అమెరికా జాతీయ చలనచిత్రపట్టికకు నెక్కెను. జనాదరణము గుణమునకుఁ బ్రమాణము గాదు గావున దాని నింతట విడుతము.

ఎబర్ట్ యాక్షేపణ వేఱు: ఈ పాత్రలు మనుష్యులు గారు, హెరాల్డు మృత్యువునకును మాడ్ జీవమునకును గుఱుతులు మాత్రమే. ఇది తేలికగాఁ ద్రోసివేయఁదగినది గాదు. తల్లి, మనోవైద్యుఁడు, సేనాధికారియైన బంధువు, మతగురువు – వీరందఱు నిజముగా బొమ్మలే. కాని యొకచోట సాయంకాలమున నిరువురుఁ గూర్చుండఁగా హెరాల్డు ఆమె చేయి పట్టుకొనును. ముంజేతిపైఁ బచ్చపొడిచిన యంకెలు క్షణమాత్రము కనఁబడును. నాజీలు ఆష్విట్జ్ నిర్బంధశిబిరమున బందీలకుఁ బొడిచిన సంఖ్యలట్టివి. వానినిగూర్చి యిరువురు నొక్కమాటయు నాడరు. ఆమె డ్రేఫస్ కథ చెప్పును: ద్వీపాంతరమునఁ జెఱయందుండి యతఁ డద్భుతపక్షులని వ్రాసినవి వట్టి సముద్రపుకాకులని పిదపఁ దెలిసెనఁట, తన కవి యెప్పటికి నద్భుతపక్షులే యనును. డ్రేఫస్ నిరపరాధియైన యూదుఁడు. ఆ పేరు యాదృచ్ఛికముగా రాలేదు.

ఇచ్చట శోకము వాచ్యము గాదు, వ్యంగ్యము. అంతవఱకు వెఱ్ఱిముసలిదాని చేష్టలుగాఁ దోఁచిన కారు దొంగతనములు, వీథిచెట్టును బెఱికి యడవిలో నాటుట, ఆ యంకెల పిమ్మట వేఱుగాఁ గనఁబడును. చావును జూచి నవ్వుటకు హెరాల్డునకు లేని యధికార మామెకుఁ గలదు. విరుద్ధరసములలో నొకటి యంగమైనచో విరోధము తొలఁగునని ధ్వన్యాలోకమతము. ఇందు హాస్యము కరుణమున కంగము. అది యంగియని తలఁచినవారికి వెగటు గలిగెను. వారిదే తప్పనరాదు, ఱెప్పవేసిన ప్రేక్షకునకు ఆ దృశ్యము దొరకదు.

వయోభేదముచేఁ బ్రణయము రసాభాసమనువారికిఁ జిత్రములోని మతగురువు ముఖమున రచయిత ముందే యెగతాళి సిద్ధముచేసెను. అది చమత్కారమే కాని సమాధానము గాదు.

అభిమానుల పక్షమునను నేను బూర్తిగాఁ జేరఁజాలను. ఎనుబదవ జన్మదినమున మాడ్ తానే మాత్రలు మ్రింగి మరణించును. ఎనుబదియే తగిన వయస్సని ముందు యథాలాపముగా ననుటయే దీనికిఁ గల సన్నాహము. మృత్యుశిబిరమును దాఁటి బ్రదికినది దినమేర్పఱచుకొని యేల చావవలెను? ఆమెను జీవనోత్సాహమునకు గురువని మెచ్చువా రీ ప్రశ్న నడుగుట యరుదు. హెరాల్డే యడుగును. వైద్యశాలకుఁ గొనిపోవుచు వాఁడేడ్చును. అన్నాళ్లు చావును నటించినవానికి ఇచ్చట నటన చేతగాదు. పిదప శవవాహనముగా మార్చుకొన్న తన కారును గొండకొమ్మునుండి పడవేసి, తాను మీఁద నిలిచి, మాడ్ యిచ్చిన బాంజో వాయించుకొనుచు నడచిపోవును.